మంచి ఘడియలో పాతిన రాయి

పొద్దున్నే షారోన్ కాకుమాను పొలాల్లోకి వచ్చేసరికి, నిన్న తాను పాతించిన హద్దు రాయి మీద ప్రతాప్ కాలు పెట్టి నిలబడి ఉన్నాడు.

"తియ్యరా కాలు! పసుపూ కుంకుమా పెట్టిన రాయి అది" అని గట్టు అవతల నుంచి నాగమల్లేశ్వరరావు అరిచాడు.

"నా పొలంలో పాతావుగా పెదనాన్నా, నా ఇష్టం."

షారోన్ గ్రామ సర్వేయరు. రేపల్లె పిల్ల, లూథరన్ క్రైస్తవుల కుటుంబం. చేతిలో ఉన్నది రోవర్, ఉపగ్రహాల సంకేతాలు పట్టుకుని నిలబడ్డ చోటుని అంగుళం తేడాలో చెప్పే కర్ర. మళ్ళీ కొలవమని ప్రతాప్ పట్టుబడితే వచ్చింది. రాయి తప్పని తేలితే ఆ మాట ఆమే చెప్పాలి. చెబితే ఉద్యోగం మీదికొస్తుంది.

నిన్న ఆమె పదింటికే వచ్చింది. నాగమల్లేశ్వరరావు ముందు వర్జ్యం అన్నాడు, తర్వాత రాహుకాలం అన్నాడు, ఆపైన పురోహితుడి ఫోను కలవలేదన్నాడు. మంచి ఘడియ వచ్చేసరికి పొద్దుగూకి ట్రాక్టరు లైట్లు వేయాల్సి వచ్చింది. అప్పుడు కర్ర మొరాయించింది. కొలత కుదిరిందనడానికి తెర మీద 'ఫిక్స్' అన్న మాట నిలవాలి. అది పడుతోంది, పోతోంది.

"ఘడియ దాటిపోతోందమ్మాయ్! మీకు పట్టింపుల్లేవు గానీ మాకున్నాయి" అని అతను గదిమాడు. తెర మీద 'ఫిక్స్' మరోసారి మెరవగానే షారోన్ కొలత తీసుకుంది. రాయి దిగింది, కొబ్బరికాయ పగిలింది.

ఇప్పుడు మళ్ళీ కొలిచింది. అనుమానం తీరక మరో రెండుసార్లు కొలిచింది. మూడుసార్లూ ఒకటే లెక్క. రాయి ప్రతాప్ పొలంలోకి పోయింది.

"వాళ్ళింట్లో గారెలు బాగున్నాయా సర్వేయరమ్మా?" అన్నాడు ప్రతాప్.

"కర్ర అదే, మనిషివీ నువ్వే. రాత్రికి రాత్రి నేల జరిగిందా?" అన్నాడు నాగమల్లేశ్వరరావు.

"నేల కాదు బాబాయ్ గారూ. ఉపగ్రహం మాట మన దాకా రావాలంటే పైన అయనావరణమనే పొర దాటాలండి. పగలంతా ఎండకి విద్యుత్తు నింపుకుంటుంది. పొద్దుగూకాక మన వైపు ఆ పొరలో బుడగలు లేస్తాయి, పాలు పొంగినట్టు. సంకేతం వాటిలో పడి చెదిరిపోతుంది. సూర్యుడు ఉగ్రంగా ఉన్న ఏళ్ళల్లో, ఈ మార్చిలో, మరీ ఎక్కువ. మీరు చూసిన మంచి ఘడియే కర్రకి చెడ్డ ఘడియండి."

"ఓహో, గారెలు తిన్నది సూర్యుడన్నమాట" అని ప్రతాప్ నవ్వాడు.

"తప్పు నాదేనండి. కర్ర ఊగిసలాడుతుంటే ఆగాల్సింది. మీ అరుపులకి జడిసి కొలిచాను."

"తప్పయినా ఒప్పయినా పూజ చేసిన రాయి పీకకూడదు. అరిష్టం" అన్నాడు నాగమల్లేశ్వరరావు.

"ఎవరికండి?"

"నీకే. రాయి పీకావంటే నీ ఉద్యోగం పీకిస్తా."

షారోన్ గట్టు మీది పలుగు అందుకుంది. సాయానికి రమ్మంటే ప్రతాప్ కదల్లేదు. "నువ్వు పాతావు, నువ్వే పీక్కో" అన్నాడు. ఆమె ఒక్కతే రాయి చుట్టూ తవ్వి, పసుపు చేతులకంటుకుంటుండగా దాన్ని వంచి, ఈడ్చి, కర్ర చూపిన చోట నిలబెట్టి మట్టి తొక్కింది. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.

రాయి నాలుగడుగులు జరిగింది. మధ్యాహ్నానికి తహసీల్దారు ఆఫీసులో ఆమె మీద రెండు ఫిర్యాదులు చేరాయి. పీకినందుకు నాగమల్లేశ్వరరావుది, పాతినందుకు ప్రతాప్‌ది.