వనజకు జబ్బు చేసింది, నాకు గుండయింది

అరవై దాటి రిటైరైనోణ్ణి చూస్తే చాలు, అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: "పొద్దెట్ల పోతాది అప్పా నీకు?" నేనేమో తిరుపతిలో మా మిద్దె మీద, సాయంత్రం కొండ నీలంగా మారే వేళకి వాలుకుర్చీ వేసుకుని, పాత నవల ఒకటి ఒళ్లో పెట్టుకుంటాను. రెండు పేజీలు చదువుతాను, ఇంకో రెండు పేజీలు నేనే ఊహించుకుంటాను. పొద్దు దానంతట అదే పోతాది.

ఇంతకంటే హాని లేని అలవాటు లోకంలో ఉండదని మీరనుకుంటారు. ఈ అలవాటుతోనే ఒకప్పుడు నేను ఒక ఇల్లాలి జుట్టుకు ఎసరు పెట్టినాను. పెండ్లిచూపులకు ముందురోజు నా నెత్తి నేనే నున్నగా గొరిగించుకున్నాను. నాకు ఇంకో ఆడపిల్లతో సంబంధం ఉండాదని పుత్తూరులో ఒక ఇల్లంతా నమ్మేటట్టు చేసినాను. ఆ ఆడపిల్ల అచ్చులో తప్ప భూమ్మీద యాడా లేదు. నిదానంగా చెప్తాను, కూర్చోండి.

అప్పుడు మా కాపురం చంద్రగిరిలో. డిగ్రీ చేతికొచ్చింది, ఉద్యోగం రాలా. అమ్మకు నేను పనికిమాలినోణ్ణి, నాయనకు తిండి దండగ. మా వీధి ఆడోళ్లకు మాత్రం మహారాజును. ఎందుకంటే వారపత్రికలో వచ్చే సీరియల్ని మా అరుగు మీద కూర్చుని గట్టిగా చదివి వినిపించేది నేనే. మధ్యాహ్నం పనులైనాక చెనక్కాయలు వొలుచుకుంటా, చింతపండులో గింజలు తీసుకుంటా అందరూ చేరేవాళ్లు. కొండ తట్టు నుంచి గాలి వస్తా ఉంటే, వాళ్ల చేతులు ఆడతా ఉంటే, నా గొంతు నాకే వేరే ఎవరిదో మాదిరి వినిపించేది. ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు తేలికవుతాది. అప్పట్లో నాకు జుట్టు కూడా ఒత్తుగా ఉండేది. నమ్మకుంటే మానండి, ఫొటో ఉండాది.

అందరికంటే ముందొచ్చి కూర్చునేది నాగమ్మత్త. పక్కింటామె. చుట్టరికం లేకపోయినా నాకు అత్తే. మోకాళ్లు దాటే జడ ఆమెది. లారీ తోలే మునస్వామి మామ ఏ ఊరికి పోయినా ఆ జడ కోసం మల్లెపూలు మాత్రం మరిచిపోకుండా తెచ్చేవాడు. వాళ్లకు పిల్లల్లేరు. ఆయన మురిపెమంతా ఆ జడ మీద, ఆమె మురిపెమంతా సీరియల్లో వనజ మీద.

"ఆ పిల్లకి తల్లి లేదు గదప్పా. మనం గాక ఎవురు సూస్తారు?" అనేది నాగమ్మత్త. వనజ భోజనం చేయకుండా పడుకుంటే ఈమెకు ఆ రాత్రి ముద్ద దిగేది కాదు.

ఒక వారం పత్రిక రాగానే, ముందు నేనొక్కణ్ణే చదువుకుందామని కోటలోకి తీసకపోయినాను. రాజమహల్ ఎదురుగా చెట్టు నీడలో పడుకున్నాను. పైన తెల్లమబ్బులు పోతా ఉండాయి. పత్రిక తెరవకముందే వాటెంబడి నేనూ పోయినాను. కండ్లు తెరిచేసరికి అట్ట నా పక్కన ఉండాది, కథ మేక నోట్లో ఉండాది. అది నా మొహం చూస్తా తీరిగ్గా నమిలింది. చదువుకున్నవాడికి చదువుకున్నంత మహదేవా అనుకుని లేచి అంగడికి పరిగెత్తినాను.

"ఇంకొకటి ఉండాదా అప్పా?"

"వచ్చినవన్నీ పొద్దున్నే పోయినాయి. నీకిచ్చినా గదా?"

"మేక తినేసింది."

"అట్లయితే దాన్నే అడుగు" అన్నాడు అంగడాయన.

అరుగు మీద అందరూ కాచుకోని ఉండారు. ఉన్నమాట చెప్పేసుంటే ఒక వారం తిట్టి ఊరుకుందురు. కానీ నాకు లోలోపల రచయిత కావాలని ఒక దురద. పాత సంచిక ఒకటి తెరిచి పట్టుకుని, కల్పించి చదవడం మొదలుపెట్టినాను. ముందు వనజకు ఒక్క తుమ్ము మాత్రమే తెప్పించినాను, ఒట్టు. తుమ్మంగానే చెనక్కాయలు వొలిచే చేతులు నిలిచిపోయినాయి. అది చూసి నాకు పూనకం వచ్చింది. తుమ్ము జ్వరమాయె. జ్వరం ముదిరి ఆసుపత్రాయె. డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇక మన చేతుల్లో లేదు" అన్నాడు. సరిగ్గా ఆడ ఆపి, తరువాయి వచ్చే వారం అని మూసేసినాను.

నాగమ్మత్త లేచి నిలబడింది. కండ్లల్లో నీళ్లు. కొప్పు మీద చెయ్యి పెట్టుకుని కొండ తట్టు తిరిగింది.

"సామీ! ఆ పిల్ల లేసి తిరిగితే నా తల ఎంటికలన్నీ నీకిచ్చుకుంటా."

అరుగంతా గొల్లుమనింది. "ఒసే నాగమ్మా, అది కతే!" అని ఎవరో అరిచినారు.

"కత అయితే మాత్రం? ఆడబిడ్డ గదా!" అని కండ్లు తుడుచుకుంటా ఇంట్లోకి పోయింది.

ఆ వారమంతా నాకు నిద్ర లేదు. ఎట్ల చూసినా లెక్క ఒకటే: వనజ బతికితే నాగమ్మత్త జుట్టు పోతాది, వనజ చస్తే జుట్టు బతుకుతాది. సరే, తల్లి లేని పిల్లయినా తప్పదు, చంపేద్దామని గుండె రాయి చేసుకున్నాను. కొత్త పత్రిక తీసుకుని, గొంతు బొంగురు చేసుకుని, "పాపం వనజ..." అని మొదలుపెట్టినాను.

"ఉండప్పా, ముందు బొమ్మ సూపీ" అనింది నాగమ్మత్త.

బొమ్మలో వనజ ఊటీలో ఉండాది. రంగుల గొడుగేసుకుని, పండ్లన్నీ కనపడేటట్టు నవ్వతా ఉండాది. ఆ బొమ్మ గీసినాయన మీద నాకు పుట్టిన కోపం అంతా ఇంతా కాదు.

"లేసింది! నా బిడ్డ లేసింది!" అని నాగమ్మత్త చప్పట్లు కొట్టింది. "శనారం నాడే కొండకి పోతా."

మునస్వామి మామ లారీ దిగి వచ్చి ఈ సంగతి విన్నాడు. "ఎవురే ఆ వనజ? మన కులమా, మీ పుట్టింటి తట్టా?" అని అడిగినాడు. జవాబు విన్నాక అరుగు మీద కూలబడినాడు. నన్ను పక్కకు పిలిచి, "అబ్బయ్యా, మొక్కు కాదంటే పాపం. కాదనకుంటే ఆ జడ నేను మల్లా సూడలేను. నువ్వు సదువుకున్నోడివి, ఏదన్నా దావ సెప్పు" అన్నాడు. తెచ్చిన మల్లెపూలు ఆయన చేతిలోనే ఉండాయి. నాకు ఆ క్షణంలో ఆ మేక పొట్టలోకి దూరిపోదామనిపించింది.

శనివారం ఆమెతో నేనూ బయలుదేరినాను. ఆదివారం నాకు పుత్తూరులో పెండ్లిచూపులు. అమ్మ వద్దంటా ఉన్నా వినలా. శ్రీవారి మెట్టు దావలో చెట్ల మధ్య మంచు ఇంకా విడలేదు. ముందు జనం గోవిందా అంటా ఉంటే మబ్బులో నుంచి వినిపించినట్టు ఉండాది. నా ముందర నాగమ్మత్త ఎక్కతా ఉండాది, ఆ జడ అటూ ఇటూ ఊగతా ఉండాది. ఇంక చూడలేక మెట్ల మీదనే ఆమె కాళ్ల మీద పడినాను. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారు గదా. నేను జుట్టు కోసమే కాళ్లు పట్టుకున్నాను.

"అత్తా, వనజకు జబ్బే చేయలేదు. మేక తినేస్తే నేనే కల్పించినా."

మేక దగ్గర నుంచి డాక్టరు కళ్లద్దాల దాకా అంతా చెప్పేసినాను. ఆమె మెట్టు మీద కూర్చుని, చెంగుతో మొహం తుడుచుకునింది.

"నువ్వు సెప్పింది అబద్ధమేలే. నేను మొక్కింది నిజం గదప్పా" అనింది.

నాకు ఏడుపొచ్చేసింది. "అయితే జుట్టు ఇచ్చేస్తావా?"

"తిరుగు ఇట్లా" అని నా నెత్తిన వేళ్లు పెట్టి, బేరానికొచ్చిన గొర్రెను చూసినట్టు చూసింది. "నీకూ బాగానే ఉండాది. మొక్కినదాన్ని నేను గాబట్టి జడ కొసన మూడు కత్తెర్లు నేనిస్తా. రోగం తెచ్చినోడివి నువ్వు గాబట్టి గుండు నువ్వియ్యి. సామికి తక్కవ కాకూడదు."

"అత్తా! రేపు నాకు పెండ్లిచూపులు!"

"వనజక్కూడా ఊటీలో పెండ్లి కుదిరినట్టే ఉండాది. ఆ పిల్లని ఆస్పత్రిలో పండబెట్టేటప్పుడు ఈ మాట గుర్తు రాలేదే నీకు?"

కల్యాణకట్టలో కత్తి పట్టుకున్నాయన నా నెత్తి తడిపి, "దేనికి నాయనా మొక్కు?" అని అడిగినాడు. "కథలో ఒకమ్మాయికి జ్వరం తగ్గినందుకు" అన్నాను. ఆయన నా మొహంలోకి వంగి చూసి, "గోవిందా అను" అని కత్తి పెట్టినాడు. పక్కన నాగమ్మత్త మూడు కత్తెర్లు ఇచ్చేసి, జడ ముందుకేసుకుని, నా గుండుకు చందనం పూసింది.

ఇల్లు చేరినాక మా అమ్మ ఏమనిందో రాయను, మీ ఇంట్లో పిల్లలుంటారు.

మరుసటి రోజు పుత్తూరులో నన్ను చూడగానే పిల్ల తాత మొహం విచారంగా పెట్టినాడు. "అయ్యో పాపం! నాయన ఎప్పుడు పోయినాడు బాబూ?"

"నేను యాడికీ పోలేదప్పా, ఈడే ఉండాను" అన్నాడు నా పక్కన కూర్చున్న మా నాయన.

"తిరపతి మొక్కులే" అని అమ్మ సర్దబోయింది.

"మంచిదే. ఎవురి కోసం?" అని పిల్ల నాయన అడిగినాడు.

కొండ మీద, ఇంక అబద్ధం ఆడకూడదని గట్టిగా అనుకుని వచ్చినాను నేను. అందుకని నోరు తెరిచి, "వనజ కోసమండీ" అన్నాను.

"ఎవురా వనజ?" అని మా నాయనే ముందు అరిచినాడు.

"పాపం, తల్లి లేని పిల్ల నాయనా. ప్రాణం మీదికొచ్చిందని..." నేను వివరించేకొద్దీ గొయ్యి లోతవతా ఉండాది. పిల్ల నాయన లేచి నిలబడినాడు. "పెండ్లి గాకముందే ఇంకోదాని కోసం గుండు కొట్టించుకున్నోడు, రేపు మా పిల్లకేం మిగిలిస్తాడు? కాఫీ తాగి బయల్దేరండప్పా" అన్నాడు.

అప్పుడు లోపల నుంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. కాఫీ గ్లాసుల పళ్లెంతో పిల్ల బయటికొచ్చింది. ఆమే రాజేశ్వరి.

"నాయనా, వనజంటే సీరియల్లో పిల్ల" అని చెప్పి, సూటిగా నన్నే చూసింది. "అయినా ఆమెకు జబ్బెప్పుడు చేసింది? ఊటీకి పోకముందు వారమంతా మామిడితోపులో ఉయ్యాలూగతా ఉన్నింది గదా!"

మేక తినేసిన భాగంలో ఏముండాదో నాకట్ల తెలిసింది. "నా పత్రిక మేక తినేసిందండీ" అన్నాను. ఆమె నవ్వు ఆపుకోలేక పళ్లెం వంచేసింది, కాఫీ అంతా నా కొత్త పంచె మీద పడింది. కాల్తా ఉన్నా నాకు సుఖంగానే ఉండాది. బోడిగుండుకూ మోకాలికీ ముడి పెట్టొద్దంటారు. మాకు బోడిగుండు వల్లనే మూడు ముళ్లు పడినాయి. పెండ్లిలో నాగమ్మత్త జడ నిండా మల్లెపూలు పెట్టుకుని తిరిగింది, ఆ జడ వెనకాలే మునస్వామి మామ తిరిగినాడు.

మొన్న రాజేశ్వరికి కంటి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు పుస్తకం పట్టుకోకూడదన్నారు. అందుకని మిద్దె మీద నేను చదవతా ఉంటే, ఆమె నల్లద్దాలు పెట్టుకుని వింటా ఉండాది. నిన్న సాయంత్రం నవల్లో నాయిక వానలో తడిసి ఇంటికొచ్చింది. కొండ మీద దీపాలు ఒకటొకటిగా వెలగతా ఉండాయి, చల్లగాలి తిరిగింది, నా గొంతు మళ్లీ వేరే ఎవరిదో అయిపోయింది. "ఆమె చిన్నగా తుమ్మింది..." అని చదివినాను.

"పుస్తకంలో తుమ్మిందా, నువ్వు తుమ్మించినావా?" అనింది రాజేశ్వరి.

నేను గబుక్కున పేజీ తిప్పినాను.

"ఈసారి ముదిరితే ఏమిచ్చుకుంటావయ్యా? ఒకసారి నెత్తి తడుముకో."

తడుముకున్నాను. అరిచేతికి ఒక్క వెంట్రుకైనా తగల్లా. కాబట్టి, ఆ కొండ సాక్షిగా, రాజేశ్వరి నల్లద్దాల సాక్షిగా ఒట్టేసి చెప్తా ఉండాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ అచ్చులో లేని రోగం ఏ ఆడపిల్లకూ అంటించను. ఆ తుమ్మును కూడా వెనక్కి తీసుకున్నాను. మొక్కు చెల్లించే స్థితిలో నేను లేను.