బరాత్‌లో గులాబీ రంగు

అవి డెబ్బైల నాటి రోజులు. నిజామాబాద్‌లో బట్టల మీద స్క్రీన్ ప్రింటింగ్ చేసే దుకాణం పెట్టిన కొత్తలోనే నా పెళ్లి కుదిరింది. అమ్మాయి వాళ్లది బోధన్ దగ్గర చెరకు పండించే ఇల్లు. అల్లుడి పనితనం ఊరంతా చూడాలని మామగారి పట్టు. అందుకని బ్యాండువాళ్ల ఎర్ర టెరిలిన్ చొక్కాల వీపుల మీద రెండు ఇంటిపేర్లూ తెల్లరంగుతో నేనే అచ్చు వేశాను. నూలు బట్టకైతే అచ్చు ఆరాక వేడిగా ఇస్త్రీ చేస్తేనే రంగు నిలుస్తుంది. టెరిలిన్‌కూ అంతే అనుకుని, పెళ్లికి ముందురోజు సాయంత్రం బొగ్గుల ఇస్త్రీపెట్టెతో గట్టిగా రుద్ది పంపాను.

పెళ్లయ్యాక మధ్యాహ్నం బరాత్ బయల్దేరింది. ముందు బ్యాండు, వెనక జీపులో మేమిద్దరం. వాళ్ల వీపులు తప్ప నాకు ఇంకేమీ కనిపించవు. తెల్లక్షరాలన్నీ గులాబీ రంగులో ఉన్నాయి. బట్టలోని ఎరుపు ఇస్త్రీ వేడికి కదిలి, రాత్రికి రాత్రే మెల్లగా తెలుపులోకి ఎక్కింది. కొన్ని వీపుల మీద పేరు చదవడమే కష్టంగా ఉంది. బాసింగం కట్టుకుని జీపు దిగి పారిపోలేను కదా.

అంతవరకూ తల వంచుకుని కూర్చున్న పెళ్లికూతురు నాతో మొదటిసారి మాట్లాడింది.

"అవి తెల్లగుండాలె గదా?"

"ఉండాలె."

ఆమె కాసేపు వీపుల వంక చూసింది.

"ఇయ్యాల్టితోని మా ఇంటిపేరు పోతదని ఏడ్సిన. మీది గూడ పోయెటట్టున్నది."

టెరిలిన్ మీద బట్టరంగు పైకి ఎక్కకుండా ముందు నల్లరంగు పొర వేసి, అది ఆరాకే పైన తెలుపు వేయాలని, ఇస్త్రీ జోలికి పోకూడదని తర్వాత నేర్చుకున్నాను. ఆ వారమే మా ఆవిడ ఇస్త్రీపెట్టెను తన పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఇప్పటికీ ఎవరి పెళ్లికైనా నలిగిన చొక్కాతోనే వెళ్తున్నాను.