పీకేసిన బోడకాకర తీగ

మొన్న పటాన్‌చెరు అంగట్లో బోడకాకరకాయను గోటితో గిల్లి వాసన చూశాను. ఆ పచ్చివాసనకు ఇస్నాపూర్‌లోని మా పెరడు, తొలకరికి మెత్తబడ్డ మన్ను, పెంక మీద కాలుతున్న జొన్నరొట్టె, కంపెనీ బస్సు దిగి కాళ్లయినా కడగకుండా "కూరేందే?" అని అడిగే నాయిన, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

పెరటి కంచె మీద మాకు రెండు బోడకాకర తీగలుండేవి. ఒకటి కాసేది, రెండోది పూసి ఊరుకునేది. నా ఏడో తరగతిలో సారు మందారపువ్వును బ్లేడుతో నిలువునా కోసి రక్షకపత్రాలు, ఆకర్షణపత్రాలు, కేసరాలు, అండాశయం చూపించారు. ఆడభాగం, మగభాగం ఒకే పువ్వులో ఉంటాయని తెలిసేసరికి నాకు కొమ్ములొచ్చాయి. అన్ని పూలూ అంతేననుకున్నాను. కాయని తీగ దండగని, అమ్మ నాట్లకు పోయిన పూట దాన్ని గడ్డతో సహా తవ్వి గోడవతల పారేశాను. అమ్మ అడిగితే నాకేం ఎరుకన్నాను.

ఆ వానకాలమే అక్క కడుపుతో పుట్టింటికి వచ్చింది. ఏం తిన్నా ఇమడడం లేదు, మనిషి సగమైపోయింది. బోడకాకర కూర ఒక్కటే తినాలనుందని నోరు తెరిచి అడిగింది. అంగట్లోకి ఇంకా కాయ దిగలేదు. మా తీగ నిండా పిందెలే, కానీ రెండు రోజులకే పసుపెక్కి రాలిపోయేవి. దిష్టి తగిలిందని అమ్మ కంచెకు పాత చెప్పు కట్టింది. రాలిన పిందెలు ఏరుతుంటే, నేను తీగ పీకిన పాపమేమోనని నాకు భయమేసేది.

గోడవతల ఇల్లు పెద్దమ్మది, అంటే మా పెదనాయిన భార్యది. ఆ గోడ తగువుతోనే రెండేళ్లుగా అమ్మకూ ఆమెకూ మాటల్లేవు. ఒకనాడు దీపాలు పెట్టే వేళ ఆమె కొంగులో పసుపుపచ్చని పూలతో మా వాకిట్లో నిలబడింది.

"లచ్చిమీ, మీ పోతుతీగను పందికొక్కు తవ్విందే. మా దిక్కు గడ్డ కనవడ్డది. గిది లేకుంటె పిందె నిలువది" అంది. నా వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది.

పోతుపువ్వు, అంటే మగపువ్వు రేకలు తీసేసి, దాని కేసరాలను పిందె ఉన్న పువ్వు నడుమ మెల్లగా అద్దింది. నా చేత కూడా అద్దించింది. సారు చెప్పిన పుప్పొడి నా వేలికి అంటింది. ఒక పువ్వు మీద పుట్టిన పొడి ఇంకో పువ్వును చేరితేనే కాయని, చేర్చేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలని అప్పుడు అర్థమైంది. వారం పాటు రోజూ సాయంత్రం ఫ్యాక్టరీ అవతల ఉన్న చెలక గట్టు దాకా నడిచి ఆమే పూలు తెచ్చింది. పిందెలు నిలిచాయి. అక్క కూరతో రెండు రొట్టెలు తింది. అవి ఇమిడాయి. అమ్మ ఒక గిన్నెడు కూర పెద్దమ్మకు స్వయంగా తీసుకుపోయి ఇచ్చి, పొద్దుపోయేదాకా అక్కడే కూర్చుంది.

ఇప్పుడు ఆ చెలకలో కంపెనీ షెడ్లు లేచాయి. మా పెరట్లో కిరాయి గదులున్నాయి. పెద్దమ్మ లేదు. మొన్న అమ్మ కాయలు తరుగుతుంటే, ఆ తీగను పీకింది నేనేనని ఇన్నేళ్లకు చెప్పాను.

అమ్మ కత్తిపీట మీంచి తలెత్తకుండానే, "పందికొక్కు గడ్డను తినకుంట గోడవతల పారేస్తదా బిడ్డా? ఆమె గట్ల చెప్పంగనె నాకు సమజైంది. నేను సుత ఊకున్న" అంది.

రెండేళ్లు మొహాలు చూసుకోని ఆ ఇద్దరు తోటికోడళ్లు మొదట ఒక్కటైంది నా తప్పు దాచడానికే.