వెనకనుంచి చూస్తే ముగ్గురు

పెళ్లయి ఖమీస్ ముషైత్‌లో కాపురం పెట్టిన ఆ రోజుల్లో, జువాలజీ చదివిన పిల్లకు సౌదీలో ఏం పని దొరుకుతుందని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండేది. (అడిగేది ఎక్కువగా మా అత్తగారే.) చివరికి దొరికింది. కొండల్లో తిరిగే బబూన్ల సర్వే. బబూన్ అంటే కుక్కమూతి, సింహంలాంటి జూలు, ఎవరినీ లెక్కచేయని పొగరు ఉన్న పెద్ద కోతి. మగవాటిని ఒక్కొక్కదాన్నీ విడిగా గుర్తుపట్టి, ఏది దేనితో జట్టు కట్టి తిరుగుతోందో కనిపెట్టాలి. నా మొట్టమొదటి ఉద్యోగం! ఆనందం పట్టలేక ఆ పూట మావారికి ఉప్పులేని పప్పు వండిపెట్టాను. ఆయన నోరెత్తకుండా తిన్నారు.

మా పై అధికారిని అందరం ముదీర్ సాబ్ అనేవాళ్లం. ముదీర్ అంటే అరబ్బీలో మేనేజరు. మనిషి హైదరాబాదీ. మంచివాడే గానీ, ఒకసారి అన్నమాట దేవుడు దిగొచ్చినా మార్చుకోడు. కొండ కింద దానిమ్మ తోటను ఓ మగ బబూన్ రోజూ దోచేస్తోందని యజమాని మొత్తుకుంటుంటే, నేను తీసిన ఫొటోలు చూసి, "ఒక్కటే ఉన్నది. బోను పెట్టి పట్టి దూరం తీస్కపోదాం, కిస్సా ఖతం" అని తేల్చేశాడు. నాకేమో ముగ్గురనిపించింది. ముఖాలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి, నిజమే. ఒక కుటుంబంలోని మగవి కలిసి తిరగడం ఈ జాతిలో మామూలే. కానీ వెనక్కి తిరిగినప్పుడు చూడాలి! ఆ ఎర్రటి పిరుదులున్నాయే, ఏ రెండింటివీ ఒకలా ఉండవు. ఒకదానికి కుడివైపు పాత గాటు, ఇంకోదానికి అంచున నల్లమచ్చ, మూడోది పొంగిన పూరీలా నున్నగా ఉంది.

ఇంకేముంది, నేను వెనకభాగాల వెంట పడ్డాను. కారు నడిపే కడప భాయ్, "మేడం, ఇట్ల తిరిగినాడు, మూతి బాగా కనపడతాండాది, తీసుకోండి!" అంటే, "మూతి నాకెందుకు భాయ్, అటు తిరగనీ" అనేదాన్ని. "యా అల్లా, ఇదేం నౌకరీ!" అని ఆయన తల పట్టుకునేవాడు. ఇంట్లో ఇంకో తంటా. ఇండియాలో ఉన్న అత్తగారికి కొత్త సోఫా ఫొటో పంపబోయి వరసగా మూడు పిరుదులు పంపాను. వెంటనే ఫోన్ చేసి, "ఇవేంటే అమ్మాయ్, టమాటాలా?" అని అడిగింది. అవునండీ అన్నాను. (ఇంకేం చెప్పను?) "మరీ మగ్గిపోయినట్టున్నాయి, పచ్చడి చేసెయ్" అంది.

ముదీర్ సాబ్‌కి ఆ ఫొటోలు చూపించాలంటే సిగ్గుతో చచ్చిపోయాను. అయినా చూపించాను. ఆయన చెవులదాకా ఎర్రబడి, "ఏందమ్మా ఇది? పెద్దమనిషికి చూపించే ఫొటోలేనా?" అని ఫోన్ బోర్లించేశాడు.

"మూడు వేరువేరు సర్. ఒకదాన్ని పట్టుకున్నా మిగతా రెండూ వస్తాయి."

"అచ్ఛా! అది దొరికినంక ఇంకోటి వస్తే నువ్వు గెల్సినట్టు. రాకపోతే ఆఫీసుల కూసొని ఎక్సెల్ నింపు. కొండెక్కుడు బంద్."

నా ప్రాణం ఉసూరుమంది. కొండ లేకపోతే ఆ ఉద్యోగం నాకెందుకు?

బోనులో ఒకటి పడనే పడింది. నల్లమచ్చవాడు. యజమాని సంతోషంతో అందరికీ కూజాలోంచి గహ్వా, అదే అరబ్బీ కాఫీ, పోశాడు. ముదీర్ సాబ్ చిన్న కప్పు చేత్తో పట్టుకుని, "ఎక్సెల్ వస్తదా నీకు?" అని నవ్వాడు. నేను గట్టుమీద కూర్చుని కొండవైపే చూస్తున్నాను. ఒక్క తోకా కదల్లేదు. ఏడుపొచ్చేసింది. రండర్రా బాబూ, తోడబుట్టినవాడు బోనులో ఉంటే మీకు చీమ కుట్టినట్టయినా లేదా అని మనసులో తిట్టిపోశాను.

బోనును పికప్ వెనక తొట్టిలోకి ఎక్కించగానే లోపలివాడు ఒక్క అరుపు అరిచాడు. అంతే! తోట పిట్టగోడమీదనుంచి రెండు బబూన్లు జూలు ఎగరేస్తూ దూకాయి. మనుషులం చెల్లాచెదురు. యజమాని కూజాతో సహా చెట్టు చాటుకి, కడప భాయ్ కారులోకి, ముదీర్ సాబ్ నా వెనక్కి. అన్నను విడిపించడానికి వచ్చారు కాబోలని నా కళ్లు చెమర్చాయి. వాళ్లు బోనుకేసి ఓసారి చూసి, పికప్ ముందు సీటులో ఉన్న ముదీర్ సాబ్ బిర్యానీ డబ్బా లాక్కుని దాని టాపెక్కారు. డబ్బా మీదకు వంగి, వెనకభాగాలు మావైపు పెట్టి, తాపీగా తినసాగారు. ఆ వాసనకు బోనులోవాడూ అటే తిరిగి ఊచలకు మూతి ఆనించాడు. గాటు, మచ్చ, పూరీ! మూడూ ఒకే ఫొటోలో పట్టేలా, ఫొటోకి నిలబడ్డ పెళ్లివారంత బుద్ధిగా! నేను ఫోన్ పైకెత్తేలోపే వెనకనుంచి ముదీర్ సాబే, "తియ్యమ్మా, తియ్యి! మూతి ఇటు తిప్పకముందే జల్దీ తియ్యి!" అని కేకలు.

తీశాను. వేలు నొప్పెట్టేదాకా తీశాను. ఆ సాయంత్రమే బోను తలుపు తెరిచి వాణ్ణి వదిలేశారు. తోటకు కంచె వేయడమే మార్గమని తేలింది. ముదీర్ సాబ్ ఖాళీ డబ్బా ఏరుకుంటూ, నా మొహం చూడకుండానే, "రేపు ఆఫీసుకు రాకు. సీదా కొండకే రా" అన్నాడు.

ఆ మాటకు, దుమ్ము కొట్టుకున్న బురఖాలాంటి అబాయా రెండు చేతులా ఎత్తి పట్టుకుని, యజమాని ముందే, ముదీర్ సాబ్ ముందే, ఎగిరి గంతులేసింది ఓ పిల్ల. తర్వాత నాకు ప్రమోషన్లు వచ్చాయి, శాలువాలూ కప్పారు. అన్నీ చక్కగా కుర్చీలో కూర్చునే పుచ్చుకున్నాను. ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది, కాస్త కుళ్లూ పుడుతుంది. అంత గంతు వేసేంత సంతోషం మళ్లీ రాలేదు. వచ్చినా మోకాళ్లు ఒప్పుకోవనుకోండి.