మల్లెచెట్ల ఒక్కపొద్దు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మా శంషాబాద్ ఇంట్లో మాత్రం చలికంటే ముందు మల్లెచెట్లకు నీళ్లు బందయ్యేవి. ఇప్పుడు విమానాలు దిగే వైపే మా ఇల్లు. అప్పట్లో ఆ ఆకాశంలో కొంగలు తప్ప ఏమీ దిగేవి కావు.

పెరట్లో ఆరు మల్లె పొదలుండేవి. వాటి మీద పెత్తనమంతా మా బాపమ్మది, అంటే మా నాయనమ్మది. మాఘమాసంలో ఆమె కొడవలి పట్టుకుని కొమ్మలు కోసేసేది, మిగిలిన ఆకు దూసేసేది, మొదళ్ల చుట్టూ మన్ను తవ్వి వేళ్లకు ఎండ తగలనిచ్చేది. ఇక కాముని పున్నమ దాకా, అంటే హోళీ దాకా, చుక్క నీరు లేదు. అప్పుడు పెంట ఎరువు వేసి, పాదుల నిండా నీళ్లు పెడితే ఆకుతోపాటే మొగ్గ తన్నుకొచ్చేది. ముందే నీళ్లు తగిలితే చెట్టు ఆకు మీద పడి పూత మరిచిపోతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు ఏడేళ్లు, నాకు తెలియనిది లేదనుకునేదాన్ని.

పెద్ద లడాయి, అంటే రెండో ప్రపంచయుద్ధం, నడుస్తున్న రోజులవి. ఆ చలికాలం మా తమ్ముడికి ఇరవై ఒక్క రోజులు జ్వరం కాసింది. వాడికి మూడేళ్లు. ఉంటాడో పోతాడో అన్న రోజున అమ్మ పహాడీ షరీఫ్ గుట్ట మీది పీరు దర్గా వైపు తిరిగి మొక్కింది. బిడ్డ లేచి తిరిగితే, ఈ ఏటి మల్లెలతో తన చేత్తో కట్టిన పూలచాదర్ దర్గాలో సమాధి మీద కప్పుతానని. కొన్న పూలు కావు, మా పెరటి పూలు.

తమ్ముడు లేచాడు. అమ్మ భయం మాత్రం మంచం దిగలేదు. వాడి తలకూ చెవులకూ గుడ్డ చుట్టి, గడప దాటనివ్వకుండా చంకలోనే మోసేది. మొక్కు తీరినాకే ఆ గుడ్డ విప్పుతానంది.

శివరాత్రి పొద్దున బోడిగా నిలబడ్డ చెట్లను చూస్తే నాకు జాలేసింది.

"బాపమ్మా, వీటికి నీళ్లు పొయ్యవా?"

"పొయ్యద్దు బిడ్డా. నాకు ఒక్కపొద్దు, వాటికి గూడ ఒక్కపొద్దే."

ఒక్కపొద్దంటే ఉపవాసం. శివరాత్రి ఒక్కపొద్దు సంగతి నాకు బాగా ఎరుక. ఒక పగలు, ఒక రాత్రి, తెల్లారి తానం చేసి విడవడం. మర్నాడు బాపమ్మ తన ఒక్కపొద్దు విడిచి, ఇంత బువ్వ తిని, బండెక్కి రావిర్యాల పోయింది. అక్కడ మా మేనత్తకు కాన్పు దగ్గరపడింది. పోతూ పోతూ "చెట్లను జర చూస్తుండు" అంది నాతో.

ఆమె తిన్నది, మరి చెట్లో? గోలెంలోంచి చెంబుతో నీళ్లు మోసి ఆరింటి చేతా ఒక్కపొద్దు విడిపించాను. విడిచాక మనుషులు రోజూ తింటారు కాబట్టి రోజూ పోశాను. అమ్మ చూడలేదు. తమ్ముడి మొహం తప్ప మరేదీ ఆమెకు కనపడని రోజులవి.

కాముని పున్నమకు బాపమ్మ తిరిగొచ్చేసరికి చెట్లు పచ్చగా గుబురెక్కి ఉన్నాయి. ఆమె బుగ్గ మీద వేలు పెట్టుకుంది.

"ఏందే గిది? నీళ్లు గిట్ల పోసినవా?" అని అమ్మను అడిగింది.

"నేనెందుకు పోస్త అత్తా?" అంది అమ్మ.

నన్నెవరూ అడగలేదు. అడగనిది చెప్పకపోతే అబద్ధం కాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

ఉగాది వచ్చింది, పోయింది. పక్కిళ్లలో మల్లెలు విరగబూశాయి. మా చెట్లు నిగనిగలాడుతూ, ఏపుగా, ఒక్క మొగ్గ లేకుండా నిలబడ్డాయి. అమ్మ రోజూ పొద్దున్నే ఆకులెత్తి వెతికేది. ఎండలు ముదిరి, గుడ్డ కింద తమ్ముడి తలంతా చెమటకాయలు లేచాయి. వాడు గోక్కుంటూ ఏడ్చేవాడు. అయినా అమ్మ విప్పలేదు.

ఒకనాడు తమ్ముణ్ని చంకనేసుకుని ఆ చెట్ల దగ్గరే నిలబడి ఆమె బాపమ్మతో అంది. "పీరు నా మొక్కు ఒప్పుకోలే అత్తా. పూలే వద్దంటుండు. పోరన్ని మళ్ల తీస్కపోతడు."

తమ్ముడు చచ్చిపోతాడు, నా వల్లే చచ్చిపోతాడు అనుకున్నాను.

"నేనే పోసిన" అన్నాను. "శివరాత్రి తెల్లారి సంది రోజు పోసిన. ఒక్కపొద్దు విడిపించిన."

అమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఇంకోటి పడుతుందని కళ్లు మూసుకున్నాను. పడలేదు. కళ్లు తెరిస్తే ఆమె నేల మీద కూలబడి ఉంది.

"నీళ్లేనా?" అంది. "ఉత్త నీళ్లేనా?"

నేను తలూపాను. నన్ను ఒళ్లోకి లాక్కుని, నా జుట్టులో మొహం పెట్టుకుని ఎంతసేపు ఏడ్చిందో. తిట్టలేదు. ఆ ఏడుపులో కోపం లేదని నాకు కూడా తెలిసింది. బాపమ్మకు మాత్రం నవ్వాగలేదు.

"నీ ఒక్కపొద్దు పాడుగాను" అని నా నెత్తిన మొట్టికాయ వేసి, అమ్మ వైపు తిరిగింది. "చాదర్ వచ్చే ఏడు కప్పుదువు తియ్యి. పీరు యాడికన్న ఉరుకుతుండా? గుట్ట మీదనే ఉంటడు."

అమ్మ ముక్కు తుడుచుకుంది. తమ్ముణ్ని ముందుకు లాక్కుని, గుడ్డ ముడి విప్పింది. రెండు నెలలుగా గాలి తగలని ఆ తలను చేత్తో నిమిరింది. తర్వాత వాణ్ని కింద వదిలింది.

వాడు తూలుకుంటూ నేరుగా మొదటి మల్లెపొద దగ్గరికి పోయి, దాని మొదట్లో ఉచ్చ పోశాడు. అమ్మ అరవబోతే బాపమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"పొయ్యనియ్యి. ఇగ దానికి ఒక్కపొద్దు లేదు."