ప్రార్థనలో పెట్టిన చెయ్యి

ఎవరైనా తన చెయ్యి పట్టుకొని కళ్లు మూసుకుంటే చాలు, కాజాలక్కకు ఈ మధ్య ఒళ్లు మండిపోతోంది. ఆ ఉదయం కూరగాయల కొట్టు ముందు పట్టుకున్నది బడి పంతులమ్మ. పట్టుకున్నదేమో ఎడమ చెయ్యి, వణుకు వచ్చిందేమో కుడి చేతికి. కుడి చేతిలోని సంచి బరువుకు వేళ్లు తెల్లబడుతున్నాయి, వెనక నిలబడ్డవాళ్లు గొంతులు సవరించుకుంటున్నారు. పంతులమ్మ మాత్రం ఏ పాపమూ ఎరుగని ఆ ఎడమ చేతి స్వస్థత కోసం తీరుబడిగా ప్రార్థించి, ఆమెన్ అని, ఆ తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"మా పాప గౌన్ల గుడ్డ మీ దగ్గరుంది కదమ్మా, సాయంత్రం వచ్చి తీసుకుపోతాను. మీకు తగ్గాక కుడుదురుగాని."

"నాకేమైందని? బాగానే ఉన్నాను."

"అంతేనమ్మా, విశ్వాసంతో అలాగే అనాలి," అంది పంతులమ్మ మెచ్చుకోలుగా.

కాజాలక్క లోపల ఉన్నది విశ్వాసం కాదు, చిరాకు అని వీధిలో నిలబడి ఎవరికి చెప్పాలి?

ఆమె అసలు పేరు ఒక్క క్షణం ఆలోచిస్తే గాని పాస్టరమ్మకు కూడా గుర్తురాదు. గుండీ దూరే చీలికకు, అంటే కాజాకు, చేత్తో అంచు కట్టడంలో ఆమెకు సాటి లేదని పేరు పడింది. చివరికి ఆ పేరే ఆమెకు మిగిలింది. మిషను మీద గౌను కుట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. కాజా సంగతి వేరు. బ్లేడు మొనతో గుడ్డను చీల్చాక ఆ పని సరిగ్గా రావాలి, లేదా గుడ్డ చెడిపోవాలి, మధ్యేమార్గం లేదు. చీలిక అంచున ఒక్కొక్క కుట్టునూ చిన్న ముడితో బిగిస్తూ, పక్క కుట్టుకు ఆనించి పేర్చుకుంటూ పోవాలి. ఒక్క కుట్టు పక్కకు జరిగితే గుండీ నిలవదు. గుండీ నిలవనప్పుడు చొక్కా ఎంత బాగా కుదిరినా లాభం లేదు.

అలాంటి చేతికి వణుకు వచ్చింది. మొదట దారం సూది బెజ్జాన్ని తప్పింది. ఆమె కళ్లజోడును తప్పుపట్టి, కొత్తది పెట్టించుకొంది. ఆ తర్వాత సూదిని తప్పుపట్టింది. తప్పుపట్టడానికి ఇంకేమీ మిగలనప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్లింది.

"ప్రాణానికేం భయం లేదమ్మా. వయసుతో కొందరికి వస్తుంది. మాత్రతో కొంత తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం నేను చెప్పను," అన్నాడాయన.

తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పని మనిషి కనుక ఆయన మాట ఆమెకు నచ్చింది. ఇంటికి వచ్చాక ఆ విషయం ఒక్కరికే చెప్పింది. ఆ ఒక్కరు ఆమె తోడికోడలు, మరిది భార్య, మేడమీది వాటాలో ఉండే మనిషి. పాలు పొంగినా స్తోత్రం, విరిగినా స్తోత్రం అనే అలవాటు వల్ల ఆమెను అందరూ స్తోత్రమ్మ అంటారు.

"ఎవరితోనూ అనకు. ప్రార్థనలో పెట్టు, అంతే."

"నాతో అన్నావుగా అక్కా, ఇంక దేవుడితో చెప్పినట్టే."

"దేవుడితో నేను చెప్పుకోగలను. నువ్వు కాస్త తోడు పట్టు, చాలు."

స్తోత్రమ్మ ఆ మాటను అక్షరాలా పాటించింది, తనకు తెలిసిన పద్ధతిలో. శుక్రవారం స్త్రీల కూడికలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి, "పేరు చెప్పను గానీ, మన మధ్య కుట్టుపని చేసుకునే ఒక సహోదరి చేతికి వణుకు వచ్చింది," అంది. ఆ సంఘంలో కుట్టుపని చేసుకునే సహోదరి ఒక్కతే. ఆ వేళ ఆమె ఇంట్లో మిషను ముందు కూర్చొని ఉంది.

నోట నోట తిరిగేకొద్దీ ప్రార్థన కూడా పెరుగుతుంది. వణుకుతున్న చెయ్యి కాస్తా చచ్చుబడిన చెయ్యి అయింది. చచ్చుబడిన చెయ్యి కాస్తా పక్షవాతం అయింది. అవతలి వీధిలో ఒక పెద్దావిడ, ఆ కుటుంబానికి వచ్చిన కష్టకాలం తలుచుకొని కన్నీళ్లతో మోకరించిందట. ఆ కుటుంబానికి అంతటి కష్టకాలం వచ్చిన సంగతి కాజాలక్కకు అప్పుడే తెలిసింది. అడగని పళ్లు వచ్చాయి, అడగని నూనెలు వచ్చాయి. వాటిని తెచ్చినవాళ్లే వెళ్లేటప్పుడు కుట్టడానికి ఇచ్చిన గుడ్డలు పట్టుకుపోయారు.

ఆఖరికి పాస్టరమ్మ స్వయంగా ఇంటికి వచ్చింది. పాటల బృందానికి కొత్త అంగీలు కుట్టించాలని సంఘం చాలా కాలంగా అనుకుంటోంది. మెడ నుంచి మోకాలి దాకా గుండీలుండే అంగీలు అవి. పాతవి కుట్టింది కాజాలక్కే. గుడ్డ వెలిసిపోయినా వాటి కాజాలు ఇప్పటికీ విచ్చుకోలేదు. కొత్తవీ తనకే వస్తాయని కాజాలకు తగిన దారం ముందే తెచ్చి సొరుగులో దాచుకొంది.

"అంగీల పని బజారులో దుకాణానికి ఇద్దామనుకుంటున్నామమ్మా. మిషను కాజాలే వేస్తారట. ఏదో సర్దుకుపోదాం. మీకు శ్రమ పెట్టకూడదని అందరం అనుకున్నాం."

"నన్నొక మాట అడగాల్సిందండీ."

"అడిగితే మీరు కాదనరు కదా. అందుకే అడగలేదు."

పాస్టరమ్మ ఆ మాట ఎంత మృదువుగా అందంటే, కోపగించుకుంటే తప్పు కాజాలక్కదే అయ్యేట్టుంది. ఆమెను గుమ్మం దాకా సాగనంపి, కాజాలక్క నేరుగా మేడ ఎక్కింది. స్తోత్రమ్మ తడిబట్టలు ఆరేస్తోంది.

"ఏమే, ప్రార్థనలో పెట్టమంటే బజార్లో పెట్టావేంటి నన్ను?"

"పేరు చెప్పలేదక్కా. ఒట్టు."

"కుట్టుపని సహోదరి అన్నావు. చిరునామా ఇచ్చాక పేరెందుకు?"

"పదిమంది అడిగితే మంచిదని..."

"ఒక్కరు అడిగితే వినపడదా ఆయనకి? చెయ్యి వణికినా పని ఉండేది. ఇప్పుడు వణుకు అలాగే ఉంది, పని పోయింది. ఇదేనా నీ ప్రార్థన సాధించింది?"

స్తోత్రమ్మ బట్ట పిండడం ఆపింది. "నువ్వు బాగవ్వాలనేగా అక్కా. ఈవేళ పొద్దుటి నుంచి నీ కోసం మంచినీళ్లు కూడా ముట్టలేదు."

కాజాలక్క అప్పుడు చూసింది. స్తోత్రమ్మ పెదవులు నిజంగానే ఎండిపోయి ఉన్నాయి. తన కోసం పస్తున్న మనిషిని కడుపారా తిట్టడం ఎలాగో ఆమెకు తెలియలేదు.

"ముందు వెళ్లి నీళ్లు తాగు. తిట్టడానికి కూడా అడ్డం వస్తున్నావు," అని చెప్పి మెట్లు దిగింది.

మిషను ముందు కూర్చున్నా చేతికి పని లేదు. నిజం చెప్పాలంటే ఎదుటివాళ్ల వైపు కూడా కొంత న్యాయం ఉందని ఆమె ఒప్పుకోక తప్పలేదు. కిందటిసారి కుట్టిన చొక్కాలో మెడ దగ్గరి కాజా వదులుగా వచ్చింది. అది తెలిసీ, ఎవరూ గమనించరులే అని ఇచ్చేసింది. పంతులమ్మ భయం పూర్తిగా ఉత్తిది కాదు. స్తోత్రమ్మ నోటికి అదుపు లేదు గాని, ఆమె ప్రేమలో కల్తీ లేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటమే అసలు తలనొప్పి.

"ప్రభువా, నీ పిల్లల దయ నుంచి నన్ను కాపాడు," అంది పైకే. అన్న తర్వాత కాస్త సిగ్గేసింది, కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఇన్నాళ్లూ ఆమె అడిగింది ఒక్కటే: వణుకు తీసెయ్యి. ఆయన తీసెయ్యలేదు. ఎందుకో చెప్పనూ లేదు. చెప్పకపోవడాన్ని జవాబుగా మార్చి వినిపించేవాళ్లు సంఘంలో ఉన్నారు గాని, ఆమెకు ఆ ఓపిక లేదు. తనకు నిజంగా కావలసిందేమిటని మొదటిసారి నిదానంగా తన్ను తానే అడిగి చూసుకొంది. వణకని చెయ్యి ఎందుకు? కాజా కుట్టడానికి. అయితే అడగాల్సింది కాజానే.

సొరుగులోంచి దారం తీసింది. కత్తిరింపుల్లో మిగిలిన పేలికలు ఒక సంచిలో కుక్కి, మూతి కుట్టి, దాని మీద మణికట్టు ఆనించి చూసింది. వణుకు పోలేదు, కాని వేళ్ల దాకా వచ్చేసరికి చాలావరకు అణిగింది. తుక్కు గుడ్డ మీద ఒక కాజా కుట్టింది. వంకర వచ్చింది. గుడ్డను ఎవరైనా బిగువుగా పట్టుకుంటే రెండు చేతులూ కుట్టుకే ఇవ్వవచ్చునని తోచి, ఇంటాయనను పట్టుకోమంది. ఆయన అవలిస్తూనే పట్టుకున్నాడు. ఈసారి కాజా తిన్నగా వచ్చింది. గుండీ పెట్టి లాగి చూసింది. నిలిచింది.

శుక్రవారం కూడికలో పాస్టరమ్మ, "ప్రార్థన మనవులు ఏమైనా ఉన్నాయా?" అని అడిగీ అడగకముందే కాజాలక్క లేచింది.

"ఉంది. నేను పేరు చెప్పే అడుగుతాను. నాదే."

చాపల మీద కూర్చున్నవాళ్లంతా సానుభూతిగా తలలు వంచారు.

"తలలెత్తండమ్మా, ఇంకా మొదలవలేదు. నాది పక్షవాతం కాదు, వణుకు. అది పోవాలని మీరు చేస్తే సంతోషమే, మానమనను. కానీ నా మనవి వేరే. మీరందరూ నా చెయ్యి దేవుడి చేతిలో పెట్టారు. బాగానే ఉంది. నా చేతిలో మాత్రం ఎవరూ ఏమీ పెట్టడం లేదు. ఉన్న గుడ్డ కూడా పట్టుకుపోయారు. నాకు పని కావాలి. దానికి ప్రార్థన చెయ్యండి. ఆమెన్ అన్నవాళ్లు గుడ్డ తెండి."

వెనక ఎవరో నవ్వు ఆగక దాన్ని దగ్గుగా మార్చుకున్నారు. పంతులమ్మ ఒళ్లోని సంచిని సర్దుకొంది.

"మరి కాజా పాడైతేనో అమ్మా?"

"విప్పి మళ్లీ కుడతాను. గుడ్డే పాడైతే కొత్త గుడ్డ నాది. చెడిపోయినదాన్ని బాగుందని మాత్రం ఇవ్వను." వదులు కాజా గుర్తొచ్చి, "ఇకమీద ఇవ్వను," అని సరిచేసుకొంది.

పాస్టరమ్మ అందుకొంది. "ముందు ఒక అంగీ చూద్దాం. అది కుదిరితే మిగతావీ మీకే. లేకపోతే దుకాణానికే ఇస్తాం. సరేనా?"

"న్యాయమే."

"ఎవరి అంగీ మరి?"

దేవునికి చెయ్యి అప్పగించినంత తేలిక కాదు, తన అంగీ అప్పగించడం. ఎవరి చూపులు వాళ్ల ఒళ్లోనే.

"నాది," అంది స్తోత్రమ్మ. "నేను ముందు వరుసలో నడిమధ్య నిలబడతాను. బాగా లేకపోతే అందరికీ కనబడుతుంది." కూర్చుంటూ కాజాలక్కకు మాత్రమే వినబడేలా, "బజార్లో పెట్టింది నేనేగా," అంది.

అంగీ మిషను పని పూర్తయిన మర్నాడు పొద్దున్న దాన్ని కిటికీ పక్క బల్ల మీద పరిచారు. కాజాలక్క పేలికల సంచి మీద మణికట్టు ఆనించింది. స్తోత్రమ్మ ఎదురుగా కూర్చొని గుడ్డను రెండు వైపులా బిగువుగా పట్టుకొంది. బ్లేడు మొన దిగింది. ఇక వెనక్కి పోవడానికి లేదు. మొదటి కుట్టు పడింది, రెండోది దాని పక్కనే ఒదిగింది. ఇంతలో గుడ్డ సడలింది.

కాజాలక్క తలెత్తి చూసింది. స్తోత్రమ్మ కళ్లు గట్టిగా మూసుకొని పెదవులు కదుపుతోంది.

"ఏం చేస్తున్నావే?"

"ప్రార్థన, అక్కా."

"కళ్లు తెరిచి చెయ్యి. గుడ్డ జారిపోతోంది."

స్తోత్రమ్మ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. గుడ్డను మళ్లీ బిగించి, రెప్ప వెయ్యకుండా కుట్టునే చూస్తూ కూర్చొంది. సూది ఒకసారి వణికి ఆగింది, దారి చూసుకొని దిగింది. కొంతసేపటికి ఆమె లోగొంతుకతో అడిగింది.

"ఆమెన్ ఎప్పుడనాలి అక్కా?"

"గుండీ పట్టాక."