డి డ్రైవ్‌లో ఇళ్ళు

ఇన్నేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. దించుకునే చోటు దొరక్క మీ దగ్గరకు వచ్చాను. నా పేరు అడగకండి. ఓదార్చనూ వద్దు. వింటే చాలు. కొత్త లాప్‌టాప్ మొదటిసారి తెరిచినప్పుడు, దీన్ని వాడేది ఎవరని అది పేరు అడుగుతుంది చూశారా? ఆఫీసులో ఎవరి బల్ల మీదైనా ఆ తెర కనిపిస్తే, నేను ఇప్పటికీ మంచినీళ్ళ వంకతో లేచి వెళ్ళిపోతాను.

లాప్‌టాప్ ఉందని గొప్పగా చెప్పుకునే రోజులవి. ఢిల్లీని ఆనుకున్న ఘాజియాబాద్‌లో ముగ్గురం ఒక గదిలో ఉండేవాళ్ళం. నేను, కరీంనగర్ నుంచి వచ్చిన రాజు, తణుకు దగ్గర పల్లె నుంచి వచ్చిన ఇంకొకడు. వాడిని శ్రీను అంటాను, అసలు పేరు కాదు. మాలో పెళ్ళయినవాడు వాడొక్కడే, లాప్‌టాప్ ఉన్నవాడూ వాడొక్కడే. భార్య సునీత ఊళ్ళో బి.ఎడ్. చదువుతూ, ఖాళీ దొరికితే మిషను కుట్టేది. చదువు కాగానే ఢిల్లీ తీసుకురావాలని వాడి ఆరాటం. నాకు సంబంధం కుదిర్చిందీ వాడే. అమ్మాయిది వాళ్ళ వీధే.

లాప్‌టాప్ వాడిది, వాడకం నాది. పాస్‌వర్డ్ కూడా పెట్టుకోని మనిషి. నాకు సాయంత్రం షిఫ్టు. పగలంతా గదిలో ఒక్కణ్ణే దాంతో ఏం చేసేవాణ్ణి? చెప్పుకుందామని వచ్చి ఇక్కడ సిగ్గుపడితే ఎలా. చూడకూడని సినిమాలు చూసేవాణ్ణి. ఒకమ్మాయితో చాటింగ్ చేసేవాణ్ణి. నిశ్చయతాంబూలాలు పుచ్చుకున్నాక కూడా మానలేదు. ఆ చెత్తంతా వాడి మెషీన్‌లోనే పేరుకుపోయింది.

వాడు దాచుకున్నవి వేరు. ఆదివారాలు అద్దె ఇళ్ళ కోసం తిరిగేవాడు. కనిపించిన ప్రతి ఇంటినీ చిన్న కెమెరాతో వీడియో తీసేవాడు. సునీత పక్కనే ఉన్నట్టు ఆవిడతో మాట్లాడుతూ తీసేవాడు. దసరాకి ఊరెళ్ళి అన్నీ చూపించి, ఆవిడకి నచ్చిన ఇల్లు తీసుకోవాలని వాడి ప్లాను. అప్పటిదాకా చెప్పకూడదని, ఫోన్‌లో మాత్రం ఇల్లు ఇంకా దొరకలేదనేవాడు. వీడియోలన్నీ డి డ్రైవ్‌లో పెట్టుకున్నాడు. డిలో పెడితే ఫార్మాట్ చేసినా పోవని అప్పట్లో అందరి ధీమా. మామూలు ఫార్మాట్‌కి ఆ మాట నిజమే. కానీ ఆ మెషీన్‌లో, కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా చేసేసే రికవరీ ఒకటుండేది. దానికి సి, డి అన్న తేడా లేదు. మొత్తం ఊడ్చేస్తుంది. నాకు తెలుసు.

ఒక ఆదివారం ఢిల్లీ అశోకా రోడ్‌లో ఆంధ్రా భోజనం కోసం వరుసలో నిలబడి ఒక ఒప్పందం చేసుకున్నాం. కుర్రతనపు వెకిలితనం. మాలో ఎవడికి ఏమైనా అయితే, ఇంట్లోవాళ్ళు వచ్చేలోపు మిగతావాళ్ళు వాడి కంప్యూటర్ కడిగేయాలి. శ్రీను పడీపడీ నవ్వాడు. "నా దాంట్లో ఏముందిరా, ఇళ్ళే" అన్నాడు.

వానలు తగ్గుతున్న రోజుల్లో వాడికి డెంగీ వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. ఆస్పత్రిలో చేర్చేసరికే ఆలస్యమైంది. వాడు పోయాడు. సునీత, వాళ్ళన్నయ్య రైల్లో బయలుదేరారు. కాగితాల పనిమీద ఆస్పత్రిలో ఉన్న రాజు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, ఆళ్ళు వచ్చేలోపు ఆని లాప్‌టాప్ సాఫ్ చెయ్. అనుకున్నం గదా, యాదుంది గదా?"

నేను అప్పటికే దాని ముందు కూర్చుని ఉన్నాను. ఒప్పందం గుర్తొచ్చి కాదు. సునీత వాళ్ళన్నయ్య ఆ చాటింగ్ చూస్తే నా పెళ్ళి ఏమవుతుందోనని. రికవరీ బటన్ నొక్కాను. అన్నీ పోతాయి, సరేనా అని అడిగింది. పెన్‌డ్రైవ్ నా జేబులోనే ఉంది. ఆ వీడియోలు దాంట్లోకి తీయొచ్చు. కావలసినంత టైముంది. ఎందుకు తీయలేదు? ఎన్నిసార్లు అడుక్కున్నానో. కంగారు అని చెప్పుకున్నాను కొన్నాళ్ళు. అబద్ధం. కొంత ఉంచి కొంత తుడిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, మొత్తం తుడిస్తే ఎవరూ అడగరు అని, స్నేహితుడు ఇంకా మార్చురీలో ఉండగానే, లెక్క వేసుకున్నాను. సరే అని నొక్కాను.

సునీత మర్నాడు గదికి వచ్చింది. వాడి చొక్కాలు మడతపెట్టింది. తర్వాత మంచం మీద కూర్చుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని తెరిచింది.

"అన్నయ్యగారూ, ఇదేంటండీ, పేరు అడుగుతుంది?"

నేను మడతపెట్టిన చొక్కాలు కాస్త పక్కకి జరిపాను.

"ఇది ఆయనదే కదండీ? మరి ఇందులో ఏమీ లేవేంటి?"

"మొత్తం ఫార్మాట్ చేశామమ్మా."

"ఎందుకండీ? అంత చెరిపేయాల్సింది ఏముంది ఇందులో?"

నావి అనాలి. ఒక్క మాట. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను కిటికీ వైపు తిరిగాను.

"పోయినవాడి గురించి ఇప్పుడవన్నీ ఎందుకులేమ్మా" అన్నాను.

ఆవిడ లాప్‌టాప్ మూత వేసేసింది. మడతపెట్టిన చొక్కాలు మంచం మీదే వదిలేసి వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గరే ఉన్న రాజు, ఆవిడ కిందకు దిగాక నా భుజం తట్టి, "దోస్తు ఇజ్జత్ కాపాడినవ్ అన్నా" అన్నాడు. నేను తలూపాను. చూశారా, తలూపాను.

నా పెళ్ళి అనుకున్నట్టే జరిగింది. నా భార్య పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా సునీత కబుర్లు మోసుకొస్తుంది. బడిలో టీచరైంది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో ఆయన ఫోటో కూడా లేదు. ఒకసారి మనసు విప్పి చెప్పిందట: "ఢిల్లీలో ఆయనకెవరో ఉండేది. అందుకే ఇల్లు దొరకలేదని వంకలు చెప్పి నన్ను తీసుకెళ్ళలేదు. లేకపోతే అలా తుడిచేస్తారా?" నా భార్య ఇది చెప్పి, నిప్పు లేనిదే పొగ వస్తుందా అని, మీ స్నేహితుడే కదా, మీకు తెలియదా అని అడిగింది. నాకేం తెలుసు అన్నాను. అదీ నా చేత్తో వాడిని రెండోసారి తుడిచేయడమే కదా?

ఆవిడ ఆయన కోసం సరిగ్గా ఏడవను కూడా లేదు. ఆ ఏడుపు నా వల్ల పోయింది. దీనికి క్షమాపణ ఉంటుందని నేను అనుకోను, మిమ్మల్ని అడగను. ఇది అచ్చయితే సునీత చదవొచ్చు, చదవకపోవచ్చు. నా భార్య మాత్రం ఇంటికి వచ్చే ప్రతి పుస్తకం చదువుతుంది. రెండో పేరాలోనే నన్ను పోల్చుకుంటుంది. పోల్చుకోనీ. ఇక్కడిదాకా రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

సునీతమ్మా, ఆ రోజు నువ్వు అడిగినదానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను. అందులో చాలా ఇళ్ళుండేవి. ఒకటి రెండో అంతస్తు. కెమెరా ఊగుతూ వంటగది దాటి ముందు గదిలోకి వస్తుంది, కిటికీ దగ్గర ఆగుతుంది, వాడి గొంతు వినిపిస్తుంది: "సునీ, వెలుతురు చూడు ఎలా ఉందో. నీ మిషను ఇక్కడ వేద్దాం. ఈ గోడకి మేకులు కొట్టొద్దంది ఇంటి ఆంటీ. కొడదాంలే." చెరిపేయాల్సినవన్నీ నావి. వాడివి ఇళ్ళే.